తెరచాపల సంచి

తెరచాపలు తీసుకెళ్ళబట్టే రాణి పారిపోగలిగింది, బంగారూ. నీ ప్రశ్నకి జవాబు అంతే. ఆ కాలంలో యుద్ధానికి దిగే ఓడలు తెరచాపల్ని ఒడ్డునే వదిలేసి వెళ్ళేవట. అవి బరువు, అడ్డం, నిప్పంటుకుంటే ఇక చెప్పక్కర్లేదు. కొట్లాడ్డానికి తెడ్లు చాలు. ఆక్టియం యుద్ధానికి ఆ ఈజిప్టు రాణి తెరచాపలు ఓడలో పెట్టుకుని మరీ వెళ్ళిందంటే, తిరిగి వెళ్ళిపోయే దారి ముందే చూసుకుందన్నమాట. మీ టీచరమ్మకి అలా రాసివ్వు.

నిన్న ఆక్లాండ్ నుంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. వినగానే నాకు ముందు వచ్చింది జవాబు కాదు, కుళ్ళు. నువ్వు కూడా రాణి గురించే అడిగావు. ఆ రాణి వెనకే వెళ్ళిపోయిన సేనాపతికి రోమ్‌లో పెళ్ళాం ఉండేది, ఆవిడేమైంది అమ్మమ్మా అని అడగలేదు. మీ పుస్తకంలో ఆవిడ గురించి ఒక్క లైనైనా ఉందో లేదో.

నేను చదివింది ఇంటర్. రోమ్ చరిత్ర నాకు కుట్టు మిషను మీద వచ్చింది. అదెలాగో చెప్తాను, తమ్ముడికి కూడా వినిపించు. తాతయ్య పక్కన లేనప్పుడు చెప్తున్నాను, ఆయన కరక్ టీ తేవడానికి కిందికి వెళ్ళారు.

ఇక్కడ, దోహా పక్కన ఈ అల్ వక్రాకి మెట్రో వచ్చిన కొత్తలో సంగతి. మీ తాతయ్యకి అప్పటికింకా ఉద్యోగం ఉంది. కంపెనీలో పంపులు, వాల్వులు చూసే ఇంజనీరే గాని, మనిషి లోపల అంతా పద్యాలే. తెనాలిలో కాలేజీ రోజుల్లో వేషాలు వేసి వేసి, ముఖానికి రంగు వాసన పోకుండా పెళ్ళిపీటల మీద కూర్చున్న మనిషి. ఆ ఏడు దోహాలో మన తెలుగువాళ్ళ సంఘం వాళ్ళు నాటకం వెయ్యమన్నారు. ఈయనేమో కిరీటాలూ గదలూ చాలయ్యా, సముద్రం పక్కన బతుకుతున్నాం, ఓడల నాటకం వేద్దాం అన్నారు. ఓడల్లో పద్యం ఎవడు పాడతాడండీ అని సంఘం వాళ్ళు నవ్వారు. మునిగిపోయేవాడు పాడతాడు అన్నారు ఈయన. ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు కొనుక్కొచ్చుకున్నారు.

కథ నీకు తెలిసిందే అయినా నాకు అర్థమైనట్టు చెప్తాను. రోమ్‌లో ఇద్దరు రాజ్యం కోసం పోటీపడ్డారు. ఒకాయన పేరున్న సేనాపతి. రెండో ఆయన ఆ సేనాపతికి సొంత బావమరిది. సేనాపతి పెళ్ళాన్నీ పిల్లల్నీ రోమ్‌లో వదిలేసి ఈజిప్టు రాణి దగ్గర ఉండిపోయాడు. గ్రీసు తీరంలో ఆక్టియం అనే చోట రెండు పక్షాల ఓడలూ ఎదురుపడ్డాయి. మధ్యాహ్నం గాలి లేచింది. రాణి అరవై ఓడలతో మధ్యలోంచి దూసుకుని వెళ్ళిపోయింది. సేనాపతి తన కోసం ప్రాణాలిస్తున్న వాళ్ళందర్నీ అలాగే వదిలేసి, చిన్న ఓడలోకి మారి ఆవిడ వెనకే వెళ్ళిపోయాడు. రాజ్యం బావమరిదికి దక్కింది.

సేనాపతి వేషం తాతయ్యది. మరి రాణి?

మా పై అంతస్తులో హైదరాబాదు ఆవిడ ఉండేది. ఒక ఆసుపత్రిలో మందుల విభాగంలో పని. నలభై దాటాయి, భర్త వేరే దేశంలో ఉద్యోగం. గొంతు మాత్రం, నిజం చెప్పాలి, బావుండేది. మందుల చీటీ చదివినా వినబుద్ధేసేది. రోజూ డ్యూటీ నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, సరిగ్గా ఐదున్నరకి మా బెల్లు కొట్టేది.

"అక్కా, సార్ వచ్చిండా?"

తలుపు తీసేది నేను. అడిగేది ఆయన్ని. లోపల్నుంచి ఈయన, "ఏమోయ్, మూడు టీలు!" అని కేక. మూడోది నాకని మర్యాదకి కలిపేవారు. నేను వంటింట్లో గిన్నె పక్కన నిలబడే తాగేదాన్ని.

నన్ను అన్నిటికంటే పొడిచింది ఏమిటో తెలుసా? ఆ 'అక్కా' అనే పిలుపు. నీకు ఆక్లాండ్‌లో ఇవి తెలియవు. నన్ను అక్క అంటే మీ తాతయ్య ఆవిడకి బావ అవుతారు. బావతో ఎన్ని పరాచికాలాడినా ఎవరూ ఏమీ అనరు. నన్ను వదిన అంటేనో, ఆయన అన్నయ్య. అక్కడితో గీత గీసినట్టే. అందుకని ఒకరోజు మెల్లగా అన్నాను.

"నన్ను వదినా అని పిలవమ్మా. నాకు ఆడపడుచులు లేరు, ఆ పిలుపు కోసం మొహం వాచిపోయి ఉన్నాను."

నాకు ముగ్గురు ఆడపడుచులు. ఆ అబద్ధం ఎలా వచ్చిందో నోట్లోకి. లోపల తాతయ్యకి దగ్గొచ్చింది.

ఆవిడ నవ్వేసింది. "వదినె అంటె దూరం దూరం ఉంటది అక్కా. అక్క అంటెనే మనదిలెక్క ఉంటది."

నేను బిస్కెట్లు పెట్టాను.

మొదటి రాతలో రోమ్ సీను ఒకటి ఉండేది. సేనాపతి విడాకుల ఉత్తరం పంపిస్తాడు. ఆ పెళ్ళాం పిల్లల్ని వెంటపెట్టుకుని ఆయన ఇంట్లోంచి బయటికి వస్తూ ఒక పద్యం పాడుతుంది. ఒక్కటే పద్యం. తర్వాత ఆవిడే, అందరూ పోయాక, ఆ రాణికి పుట్టిన పిల్లల్ని కూడా తెచ్చుకుని పెంచిందట. అది విన్నరోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. ఆ వేషం నాకని ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. పప్పు ఉడికేలోగా, కుక్కర్ కూతల మధ్య, ఆ నాలుగు పాదాలూ కంఠతా పట్టాను. ఎత్తుకునే చోట కొంచెం గొంతు వణికేది, అంతే.

ఒక సాయంత్రం తాతయ్య నోటుబుక్కులో ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టారు.

"నలభై నిమిషాలే ఇచ్చారోయ్ సంఘం వాళ్ళు. రోమ్ సీను తీసేస్తున్నాను."

"ఒక్క పద్యమేగా ఆవిడది?"

"ఆవిడ లేకపోయినా కథ ఆగదు కదా," అన్నారు పెన్ను మూత పెడుతూ.

పైనావిడ కూడా అక్కడే ఉంది. "అవును సార్, యుద్ధం జల్ది రావాలె," అంది.

నేను కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆవిడ లేకపోయినా కథ ఆగదు. ఆ మాట కప్పులు కడుగుతున్నంతసేపూ కుళాయి కింద తిరుగుతూనే ఉంది.

కథలో నాకు వేషం లేదు గాని పని బోలెడుంది. రాణికి బట్టలు నేనే కుట్టాను, నా ధర్మవరం చీర అంచు కోసి. ఓడలు ఫ్రిజ్‌ల అట్టపెట్టెలు, వాటికి రంగులు. అల్ వక్రా సూక్ బజార్లో వంగపండు రంగు సాటిన్ గుడ్డ కొని రాణిగారి తెరచాప కుట్టాను. గాలికి చిరక్కుండా అంచులు రెండు మడతలు, తాడు దూర్చడానికి పైన నాడాకి చోటు. బావుందనే అన్నారు. తర్వాత సేనాపతి ఎక్కే చిన్న ఓడకి తెరచాప కావాలన్నారు తాతయ్య.

"దానికి కొత్త గుడ్డెందుకోయ్? మన మంచం మీది తెల్ల దుప్పటి ఉందిగా, అది చాలు."

 వద్దనడానికి నా గొంతు పెద్దది కాదు, మీకు తెలుసుగా. దుప్పటి ఉతికి, ఆరేసి, మిషను మీద పెట్టి, మధ్యలో ఆగిపోయాను. ఆయనా నేనూ పడుకునే దుప్పటి. అది కట్టుకుని ఆవిడ వెనక వెళ్తారు, నలుగురి ముందూ, చప్పట్ల మధ్య. దారం రెండుసార్లు తెగింది. మిషనుది తప్పు కాదు.

నాటకానికి సముద్రం కావాలి కదా. అది కూలీలుండే క్యాంప్ నుంచి వచ్చింది. జగిత్యాల వైపు మేస్త్రి ఒకాయన, పరంజాలు కట్టే పని. ఊళ్ళో భాగవతాలాడిన మనిషి. శుక్రవారం సెలవు రోజున నలుగురు మనుషుల్ని వెంటేసుకుని వచ్చేవాడు. పొడుగాటి నీలంగుడ్డ ఇటిద్దరూ అటిద్దరూ పట్టుకుని ఊపితే అల. మేస్త్రి అల వెనక కూర్చుని ప్లాస్టిక్ గొట్టాలతో తెడ్లు వేయించేవాడు.

"మా ఇంటిదానికి ఫోన్ల చెప్పిన అమ్మా," అన్నాడొకసారి నా చేతి పులిహోర తింటూ. "దుబాయ్ వోయి సముద్రం ఊపుతున్నవా, గిదేం నౌకరి అని తిట్టింది."

ఇది దుబాయ్ కాదని చెప్పలేకపోయావా అన్నాను. "పదేండ్ల సంది చెప్తున్న," అన్నాడు.

నాటకం రోజు వచ్చింది. శుక్రవారం, నాలుగు గంటలకి, అల్ అజీజియా దగ్గర ఒక స్కూలు హాల్లో. మా ఇంటి నుంచి కారులో అరగంట పైనే. అట్టపెట్టెలు ముందే చేరిపోయాయి. బట్టల సంచి, రంగుల పెట్టె, తెరచాపల సంచి ఇంట్లో ఉన్నాయి. సర్దింది నేను. బట్టల సంచీ రంగుల పెట్టే చేతిలోకి తీసుకున్నాను. మూడోది, గుమ్మం పక్కన ఖాళీ నీళ్ళ క్యాన్లు ఉంటాయి చూడు, వాటి వెనక పెట్టాను.

మరిచిపోయాను అని అందరికీ చెప్పాను. మీకు చెప్తున్నాను, మరిచిపోలేదు.  తెరచాప లేకపోతే రాణి పారిపోదు, ఈయన వెనక వెళ్ళరు. నా బుద్ధికి ఆ పూట అంతే తోచింది.

లిఫ్ట్ పిలుస్తానని నేను ముందు బయటికొచ్చేశాను. తాతయ్య వెనకాల స్టవ్ చూసి, ఇస్త్రీపెట్టె చూసి, ఏసీలు కట్టేసి, తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి వచ్చారు. ఎప్పుడూ చివర్న వచ్చేది ఆయనే. పెళ్ళైన దగ్గర్నుంచీ నాకు తెలిసిన సంగతే. ఆ రోజు మాత్రం గుర్తుకి రాలేదు.

హాలు నిండింది. నన్ను స్టేజి పక్కన సైడ్ వింగ్ వెనక పెద్ద ఫ్యాను దగ్గర నిలబెట్టారు. యుద్ధం బాగానే సాగింది. పిల్లలు ఈలలు వేశారు. 'గాలి లేచింది' అని ఎవరో అరిచారు, నేను స్విచ్చి వేశాను. రాణిగారి ఓడలో తెరచాప కట్టాల్సిన గొట్టం వట్టిగా నిలబడి ఉంది. అల కిందనుంచి మేస్త్రి పాక్కుంటూ వచ్చాడు.

"అమ్మా, తెరచాపలు యాడ వెట్టిన్రు?"

"సంచి ఇంట్లో మరిచిపోయానయ్యా."

"అయ్యో! గిప్పుడెట్ల? రాణి పారిపోవాలె గద!"

"తెడ్లు వేయించు."

"తెడ్లతోని పోతె పారిపోయినట్టుంటదా అమ్మా? వలేసుకొని చాపలు వట్ట పోయినట్టుంటది గాని!"

ఇంతలో ఆవిడ ఏం చేసిందనుకున్నావు? ఒక్క క్షణం గొట్టం వైపు చూసింది. భుజం మీది జరీ చున్నీ లాగి, రెండు ముడులేసి గొట్టానికి కట్టేసింది. నేను వేసిన ఫ్యాను గాలికే అది నిండుగా ఉబ్బింది. పద్యం ఎత్తుకుంది. ఎంత పైకి వెళ్ళిందో ఆ గొంతు, నాకే ఒళ్ళు జలదరించింది, దానికీ కోపమొచ్చింది. ఆవిడ అటు మాయమవగానే హాలంతా "వన్స్ మోర్! వన్స్ మోర్!" పద్య నాటకంలో వన్స్ మోర్ అంటే చచ్చినవాడైనా లేచి పాడాల్సిందే కదా. ఆవిడ ఓడతో సహా వెనక్కొచ్చి, మళ్ళీ పాడి, మళ్ళీ వెళ్ళిపోయింది. చరిత్రలో ఒక్కసారి పారిపోయిన రాణి మా హాల్లో రెండుసార్లు పారిపోయింది. ఆ రెండుసార్లూ గాలి నేనే వేశాను.

ఇక తాతయ్య వంతు. పెద్ద ఓడలోంచి చిన్న ఓడలోకి మారారు. చిన్న ఓడ గొట్టం కూడా బోసిగా ఉంది. దాన్ని చూశారు. ఆయన ముఖంలో తడబాటు లేదు. అది నాకు అప్పుడు తట్టలేదు. భుజాల మీద నేను కుట్టిన ఎర్ర శాలువా ఉంది, ఇంత పొడుగు, ఇంత వెడల్పు. కట్టుకుంటే రాణిగారి చున్నీకంటే బాగా నిండుతుంది. కట్టండి, కట్టేస్తారు, ఇదుగో కట్టేస్తున్నారు అని నేను ఫ్యాను కడ్డీ పట్టుకుని చూస్తున్నాను.

ఆయన నిలబడిపోయారు.

"మాస్టారూ, రాణిగారు వెళ్ళిపోయారు!" అన్నారు ముందు వరసలోంచి.

"శాలువా కట్టండి గురువుగారూ!"

అల కింద నుంచి మేస్త్రి, "సార్, నడువుండ్రి! యల్లా, యల్లా!"

అటుపక్క వింగ్‌లోంచి ఆవిడ మైకులో పిలిచింది. "సేనాపతీ, రావేమి?" కొంచెం ఆగి మళ్ళీ, "రావేమి సేనాపతీ?" రెండోసారి పిలిచినప్పుడు గొంతులో రాణి తగ్గింది, ఆవిడ ఎక్కువైంది. నాకలా వినిపించింది. కుళ్ళుబోతు చెవులు కదా.

తాతయ్య ఇటు తిరిగారు. వింగ్ వెనక చీకట్లో ఉన్నాను, నేను కనబడ్డానో లేదో తెలియదు. పద్యం కాదు, మామూలు మాటగా అన్నారు.

"తెరచాప లేదు. నేనిక్కడే ఉంటాను."

జనం ఒకటే నవ్వు. తెర లాగేశారు. రోమ్ రాజ్యం ఎవరికి దక్కిందో మా హాల్లో ఎవరికీ తెలియలేదు.

తెర వెనక ఆవిడ రాణి బట్టల్లోనే వచ్చింది.

"ఏంది సార్ గిట్ల చేసిండ్రు? నేను అటుపక్క పిచ్చిదానిలెక్క నిలవడ్డ."

"చాప లేదు కదమ్మా."

"నాకు మాత్రం ఉండెనా? చున్నీ కట్టుకోలే? మీ భుజం మీద గింత శాలువా ఉండె."

తాతయ్య శాలువా మడతపెడుతున్నారు.  ఆవిడ నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. నేను రంగుల పెట్టె మూత పెట్టాను.

నా లోపల ఎంత చల్లగా ఉందో చెప్తే సిగ్గుచేటు. నెలల తరబడి నోటుబుక్కు నింపిన మనిషి నాటకం నా వల్ల నవ్వులపాలైంది, నాకేమో పాయసం తాగినట్టుంది.

ఆక్టియం నుంచి రాణి ఓడ ఎక్కి వెళ్ళిపోయాక ఆ సేనాపతి ఓడ ముందు భాగంలో తల పట్టుకుని మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడని ఈయనే చెప్పారు. అల్ అజీజియా నుంచి అల్ వక్రా దాకా మీ తాతయ్య స్టీరింగు పట్టుకుని అలాగే వచ్చారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి తాళం తీశారు. నేను చెప్పులు విడుస్తున్నట్టు వంగి క్యాన్ల వెనక చూశాను.

సంచి లేదు.

ఎవరినని అడగను? సంచి ఎక్కడా అంటే, ఎక్కడ పెట్టావు అంటారు. ఇంట్లో మరిచిపోయానని చెప్పిందాన్ని, క్యాన్ల వెనక దాచానని చెప్పలేను. నాలుగు రోజులు చప్పుడు కాకుండా వెతికాను. మంచం కింద, బాల్కనీలో, వాషింగ్ మిషను వెనక. ఐదో రోజు ఆయన డ్యూటీకి వెళ్ళాక స్టూలు వేసుకుని అల్మారా పైన చూశాను. మన సూట్‌కేసులుంటాయి కదా అక్కడ, గోడ దాకా. వాటి వెనక, మూలకి నెట్టి, సంచి. లోపల సాటినూ దుప్పటీ నేను మడత పెట్టినట్టే ఉన్నాయి. నాకు స్టూలు వేసుకుని, సూట్‌కేసులు జరిపితే గాని అందలేదు. ఆయనకైతే చెయ్యి చాపితే చాలు.

స్టూలు మీదే నిలబడిపోయాను. చివర్న బయటికొచ్చింది ఆయన. చూశారు. చూసి, ఇదుగో సంచి మరిచిపోయావని నన్ను కేకెయ్యలేదు. భుజాన వేసుకుని రాలేదు. నాకు కూడా అందని చోట పెట్టి, తాళం వేసి, మూడుసార్లు లాగి, కిందికొచ్చి కారు తీశారు.

సంచిని అక్కడే వదిలేశాను. ఆ తర్వాత ఐదున్నర బెల్లు తగ్గింది. ఏడాది తిరక్కుండా ఆవిడకి కాంట్రాక్టు అయిపోయి హైదరాబాదు వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు కిందికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"పోయొస్త వదినా," అంది.

మొట్టమొదటిసారి. అడిగినన్నాళ్ళూ అనని మాట. నాకు సంతోషం రావాలి కదా? రాలేదు. ఇప్పుడు గీత గీసి వెళ్తోందంటే, ఇన్నాళ్ళూ ఆవిడ మనసులో ఏదో ఉన్నట్టే కదా, అని ఇంకో కొత్త కుళ్ళు మొదలైంది. ఇప్పటికీ తగ్గలేదు. నీ మెసేజ్‌లో 'రాణి' అని వినపడగానే ఎలా లేచిందో చూశావుగా.

తాతయ్యని ఒక్కసారి అడిగాను. పోయిన చలికాలం, ఇక్కడి ఒడ్డున కూర్చున్నాం. పాతకాలపు చెక్క పడవ ఒకటి తెల్ల తెరచాప ఎత్తుకుని వెళ్తోంది. ఆయన దాన్నే చూస్తున్నారు. నేను దాచిన సంగతితో సహా, మొత్తం చెప్పేసి, అడిగేశాను. ఆయన ఆ పడవ మలుపు తిరిగేదాకా చూశారు.

"కరక్ చల్లారిపోతోందోయ్, తాగు," అన్నారు.

లిఫ్ట్ చప్పుడవుతోంది, వచ్చేస్తున్నట్టున్నారు. నీకు ఫోనులో ఆయన ఏదడిగినా చెప్తారుగా, వీలుంటే నువ్వడుగు. నేనడిగింది ఇదే: ఏవండీ, ఆ సంచి చూసి కూడా తీసి పైన పెట్టారే, అది నా మొహం చూసి పెట్టారా, తెరచాప చేతికొస్తే నిజంగానే వెళ్ళిపోతానేమోనని మీకు మీరే భయపడి పెట్టారా?